పతకం ఎవరిది?

“కొండాపురంలో రోమక చక్రవర్తి తిబేరియస్ జారీ చేసిన పతకాలు లభించినవి.”

కొద్దికాలం క్రితం నా పరిశీలనకు వచ్చిన ఒక అనువాదప్రతిలో ఈ వాక్యం చూచినాను. వాక్యం చిన్నది, వ్యాకరణదోషం లేదు, చదువరికి కొంత గర్వం కలిగించేది కూడా. అయినా ఇందులో నిలువదగిన మాట ‘కొండాపురం’ ఒక్కటే. అక్కడ దొరికిన ఆ బిళ్లలు రోమునుండి వచ్చినవి కావు. తిబేరియస్ వాటిని జారీ చేయలేదు, కన్నులతో చూడనూ లేదు. అవి బంగారమూ కావు, వెండీ కావు; కాల్చిన మట్టి. మన పనివారు రోమక నాణెం మీది ముఖాన్ని మట్టిలోకి దింపి, దారం దూర్చుకొనేందుకు పైన చెవివంటి రంధ్రం ఉంచి, మెడలో వేసుకొనే వస్తువుగా వాటిని చేసినారు.

పొరపాటు ఎక్కడ పుట్టినదో వెదకినాను. ఆంగ్లమూలంలో ‘మెడల్లియన్’ అని ఉన్నది. హిందీ రచయిత దానిని ‘పదక్’ అన్నాడు. తెలుగు అనువాదకుడు ‘పదక్’ను ‘పతకం’ చేసి, పతకమన్న తరువాత దానిని ఇచ్చినవాడు ఒకడుండాలి గనుక, ‘జారీ చేసిన’ అనే రెండు మాటలు తనవిగా చేర్చినాడు. ముగ్గురిలో ఏ ఒక్కరూ అబద్ధమాడవలెనని పూనుకొన్నవారు కారు. అయినా మూడు భాషలు దాటే లోపల ఒక మట్టిబిళ్ల చక్రవర్తి సన్మానమైపోయినది.

ఒక మాట మార్చి సరిదిద్దితే చాలదా, ఇంతమాత్రానికి వ్యాసమెందుకు అని మిత్రులు అనవచ్చును. మాట మార్చితే చాలదు. ఆ మాట వెనుక ఒక అలవాటు ఉన్నది. మన నేలలో దొరికిన ప్రతి రోమక వస్తువును అక్కడి పాలకుడు మనకు ప్రసాదించినట్లుగా చెప్పుకొని మురిసే అలవాటు అది. దానివలన మనవారు తీసికొన్న వెల, వారికి ఎవరో ఇచ్చిన వరంగా మారుతున్నది. నేను కాదంటున్నది దానిని.

అసలు రోమక సామ్రాజ్యంలో ‘మెడల్లియన్’ అనేది ఏమిటో ముందు తెలిసికొందాము. నాణేలు వేసే టంకశాలలోనే, ఆ పనివారి చేతులమీదనే, చక్రవర్తి ఆజ్ఞపై తయారయ్యే పెద్దబిళ్ల అది. అంగడిలో చెల్లించడానికి కాక, కానుకగా ఇవ్వడానికి ఉద్దేశించినది. సంవత్సరాదినాడు, పట్టాభిషేకవేళ, యుద్ధంలో గెలుపు కలిగినప్పుడు చక్రవర్తి తన సేనానులకు, ఉన్నతోద్యోగులకు, ఆప్తులకు వాటిని పంచేవాడు. రెండవ శతాబ్దంలో హేడ్రియన్ కాలంనుండి ఈ ఆచారం స్థిరపడినది. ఆంటోనైనస్ పయస్, మార్కస్ అరేలియస్ కాలాలలో వేసిన కంచుబిళ్లలు శిల్పసౌష్ఠవానికి పేరుపొందినవి. కొమ్మోడస్ 192లో సింహచర్మం తలపై కప్పుకొని హెర్క్యులీస్ వేషంలో కనిపించే బిళ్లలు వేయించుకొన్నాడు. ఆ సంవత్సరపు చివరిరోజున హత్యకు గురి అయినాడు.

1922లో ఫ్రాన్సులోని ఆరాస్ సమీపాన దొరికిన నిధిలో కాన్‌స్టాంటియస్ వేయించిన బంగారుబిళ్ల ఒకటి ఉన్నది. పది ఔరియస్‌ల ఎత్తు గల ఆ బిళ్లను, 296లో బ్రిటన్‌ను తిరిగి వశపరచుకొన్న సందర్భాన్ని పురస్కరించుకొని ట్రియర్ టంకశాలలో వేసినారు. ఒకవైపు పాలకుని ముఖం. రెండవవైపు గుర్రమెక్కి వస్తున్న అతడు. అతని ఎదుట నగరద్వారం ముందు మోకరిల్లిన స్త్రీమూర్తి. ఆ స్త్రీ లండన్ నగరమే. నిత్యజ్యోతిని తిరిగి తెచ్చినవాడని అతనికి బిరుదు. రోమక మెడల్లియన్ పలికే భాష ఇది. ఇచ్చేవాడు గుర్రంపై ఉంటాడు. పుచ్చుకొనేవారు మోకాళ్లపై ఉంటారు.

సామ్రాజ్యపు సరిహద్దులకు ఆవల ఉన్న నాయకులకు కూడా ఇట్టి బిళ్లలు చేరినవి. నేటి రుమేనియాలోని షిమ్లెవులో 1797లో బయటపడిన నిధిలో నాలుగవ శతాబ్దపు చక్రవర్తుల బంగారుబిళ్లలు, చుట్టూ అలంకారపు అంచులతో, వ్రేలాడదీసికొనే కొక్కేలతో సహా ఉన్నవి. అక్కడ చక్రవర్తి కానుక మెడకెక్కినది. తెలుగుదేశంలో మెడకెక్కినది అంగడి నాణెం. రెండూ ఒకటి కావు.

మన నేలలో పేరుపడిన నిధులను చూడండి. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో 1,531 వెండి దినారీలు దొరికినవి. వాటిలో అధికభాగం అగస్టస్, తిబేరియస్‌ల కాలపువి. గుంటూరు సీమలోని వినుకొండలో తిబేరియస్ మొదలు కారకల్లా వరకు గల పాలకుల బంగారు నాణేలు బయటపడినవి. దినారీ వెండి నాణెం. ఔరియస్ బంగారు నాణెం. రెండూ సరుకుకు వెలగా చేతులు మారేవే. వీటిలో సంవత్సరాది కానుక ఏది? సన్మానం ఏది?

ఇవి ఇక్కడికి ఎట్లా వచ్చినవో రోమువారే చెప్పినారు. మొదటి శతాబ్దంలో ప్లినీ, తమ సామ్రాజ్యంనుండి ఏటేటా 5 కోట్ల సెస్టెర్స్‌ల ధనాన్ని భారతదేశం లాగుకొంటున్నదని వాపోయినాడు. కానుకలిచ్చినవాడు ఇట్లా వాపోడు. వెల చెల్లించినవాడే వాపోతాడు. ఎర్రసముద్రపు నౌకాయానాన్ని వర్ణించిన ‘పెరిప్లస్’ గ్రంథకర్త, మసాలియా అని పేర్కొన్న కృష్ణా ముఖద్వార ప్రాంతంలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతున్నవని వ్రాసినాడు. నూలు వడికిన స్త్రీ, మగ్గంపై కూర్చున్న పురుషుడు, బండి తోలినవాడు, ఓడ నడిపినవాడు - వీరి శ్రమకు బదులుగా, ఎన్నో చేతులు మారి వచ్చిన లోహమిది. దీనిని చక్రవర్తి పతకమంటే ఆ శ్రమ అంతా వాక్యంలోనుండి తుడిచిపెట్టుకొని పోతుంది.

రాయబారాల మాట ఎత్తేవారున్నారు. భారతదేశపు రాజుల దూతలు తన వద్దకు వచ్చినట్లు అగస్టస్ తన కార్యాలను చెప్పుకొన్న శాసనంలో వ్రాయించిన సంగతి నిజమే. అయితే ఆ వాక్యంలో నడిచి వెళ్లినవారు మనవారు, గొప్పగా చెప్పుకొన్నవాడు అతడు. దానినుండి అతడు మనకు పతకాలు పంపినాడని తేల్చడం తర్కం కాదు, ఆశ.

ఇక, వచ్చిన నాణేలను మనవారు ఏమి చేసినారో చూద్దాము. 1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలికి ఇటుకకట్టడం అడ్డు తగిలినది. త్రవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని క్రింద ఒక కుండ. కుండలో రెండవ శతాబ్దపు రోమక బంగారం. రైతు దానిని పాతబంగారం ధరకు అమ్ముకొన్నాడు. చాలా భాగం కరిగిపోయినది. కొన్ని మాత్రం నవాబు అమీరుల్ ఉమరా చేతికి చేరినవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని చూచి 1787లో వ్రాసిన ఉత్తరం ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండవ సంపుటంలో అచ్చయినది. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినాల ముఖాలు ఆయన గుర్తించినాడు. కొన్ని నిన్ననే టంకశాలనుండి వచ్చినట్లు మెరుస్తున్నవట. కొన్ని అరిగి, బెజ్జాలు పడి ఉన్నవట. ఆ బెజ్జాలవి చేతికో మెడకో ఆభరణాలుగా ధరించినవి కావచ్చునని ఆయనే ఊహించినాడు.

ఈ ఉత్తరాన్ని ఉదహరించేవారు ట్రాజన్ దగ్గర ఆగిపోతారు. నేను ఆ బెజ్జం దగ్గర ఆగుతాను. ట్రాజన్ ముఖం ఇక్కడకు రాకముందే ఉన్నది. బెజ్జం ఇక్కడ పడినది. దానిని వేసినది ఒక కంసాలి. వేయించినది ఒక స్త్రీయో పురుషుడో. నాణెం పతకమైన క్షణం అది. రోములో పతకాన్ని చేసేవాడు ఇచ్చేవాడు. ఇక్కడ పతకాన్ని చేసినవాడు ధరించినవాడు.

నాగార్జునకొండలో తిబేరియస్ నాణెం ఒకటి, ఫాస్టినా నాణెం ఒకటి దొరికినవి. లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలలో అక్కడి ఒక స్తూపంలో పలుచని బంగారు రేకుపై స్త్రీపురుషుల తలలు అచ్చువేసిన రెండు చిన్నబిళ్లలు కూడా లభించినవి. ఆ తలలలో యవన రోమక శిల్పపు పోలిక ఉన్నది. ఉంచిన చోటు మాత్రం బౌద్ధస్తూపం. కొండాపురంలో, హైదరాబాదు సంస్థాన పురావస్తుశాఖ యజ్దానీగారి ఆధ్వర్యంలో 1940ల ఆరంభంలో జరిపిన త్రవ్వకాలలో, నేను పైన చెప్పిన మట్టిబిళ్లలు వెలువడినవి. బంగారు కాసు కొనలేనివారు మట్టికాసు కట్టుకొన్నారని తలచడానికి అవకాశమున్నది. వేడుక మాత్రం ఒక్కటే. ఆ వేడుకలో తిబేరియస్ ఎవరో, అతని రాజధాని ఎక్కడో తెలియవలసిన పని లేదు.

మన పొరుగున తమిళదేశంలో మరింత తీవ్రమైన సాక్ష్యమున్నది. 1898లో పుదుక్కోట సంస్థానంలో దొరికిన 501 ఔరియస్‌లలో నూటికి తొంభైకి పైగా నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు పెట్టి ఉన్నది. చెలామణీనుండి తొలగించడానికని కొందరు, లోపల బంగారమేనా అని పరీక్షించడానికని కొందరు, ముఖాన్ని చెరపడానికని కొందరు కారణాలు చెప్పినారు. ఏ కారణమైనా కానీయండి, ఆ గాటు పెట్టిన చేయి వంగి నమస్కరించిన చేయి మాత్రం కాదు.

నాణెమూ మెడనగా ఒకటే కావడం మనకు రోము నేర్పినదీ కాదు. వేదవాఙ్మయంలో ‘నిష్కం’ మెడలో ధరించే నగ. తరువాతి కాలంలో అదే మాట బంగారు నాణేనికి పేరైనది. అమరకోశం నిష్కానికి దీనారమనే అర్థం కూడా చెప్పినది. ఆ దీనారం రోమక దినారీయే. నాగార్జునకొండ శాసనాలలో ఉజ్జయిని రాజపుత్రి మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యపు స్తంభానికై 170 దినారి మాషకాలు దానం చేసినట్లున్నది. శ్రీనాథునికి ప్రౌఢదేవరాయల కొలువులో దీనార టంకాలతో స్నానం చేయించినారని ప్రసిద్ధమైన చాటువు చెప్పుచున్నది. పన్నెండు వందల సంవత్సరాలు గడచేసరికి ఆ మాటలో రోము జాడ ఎవరికీ గుర్తులేదు. బంగారం మాత్రం గుర్తున్నది.

ఇక ‘పతకం’ మాట. మన పాత వాడుకలో పతకమంటే హారానికి నడుమ వ్రేలాడే రత్నాల బిళ్ల. దేవునికి చేయించేవారు, పెండ్లికూతురికి పెట్టేవారు. పోటీలో గెలిచినవానికి, సైనికునికి ప్రభుత్వం ఇచ్చే బిళ్ల అనే అర్థం తరువాత వచ్చి, ఈనాడు మొదటి అర్థాన్ని మూలకు త్రోసినది. హిందీలో ‘పదక్’కు జరిగినదీ ఇదే. కాని హిందీలో ‘హమేల్’ అనే మాట ఉన్నది: నాణేలు గ్రుచ్చిన హారం. మన కాసులపేరు అదే. వెనిస్ నగరపు బంగారు నాణేలు వచ్చిన కాలంలో పుతళీల పేరు వచ్చినది. మా నాయనమ్మ మెడలోని పేరులో జార్జి చక్రవర్తి తల ఉన్న సవరనులుండేవి. ఆమెను ఎవరైనా, ఇంగ్లండు రాజు నీకు పతకాలిచ్చినాడా అమ్మా అని అడిగి ఉంటే, మా తాత పొగాకు అమ్మి కొన్నాడని సమాధానం చెప్పేది. చరిత్రగ్రంథాల అనువాదకులకు ఆమె పాటి వివేకం ఉంటే చాలును.

పాలకుల పేరు లేకుండా కాలనిర్ణయం ఎట్లా అని పండితులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. నాణెంపై ఉన్న ముఖమే దాని వయస్సు చెప్పుతుంది. పరమేశ్వరీలాల్ గుప్తగారు ఆంధ్రప్రదేశంలోని రోమక నాణేలపై సిద్ధపరచిన పట్టిక 1965లో హైదరాబాదు ప్రభుత్వ మ్యూజియం గ్రంథమాలలో వెలువడినది. అట్టి పట్టిక పాలకుల వరుసలో ఉండక తప్పదు. హిందీ పాఠకులు ‘చందాయన్’ పరిష్కర్తగా ఎరిగిన ఆ విద్వాంసుని శ్రమకు నేను నమస్కరిస్తాను. అయితే పట్టిక క్రమం వేరు, కథ క్రమం వేరు. తిబేరియస్ 37లో మరణించినాడు. ఫాస్టినా 140 ప్రాంతంలో మరణించినది. వారి నాణేలు దొరికిన విజయపురిని ఇక్ష్వాకులు ఏలినది మూడవ శతాబ్దంలో. అంటే ముద్రించినవాడు మట్టిలో కలిసిన రెండు వందల ఏండ్లకు కూడా ఆ బిళ్ల ఇక్కడ ఎవరి పెట్టెలోనో, ఎవరి మెడలోనో ఉండి ఉండవచ్చును. ఆ రెండు వందల ఏండ్ల కథలో తిబేరియస్ ఎక్కడున్నాడు? అతని పేరు నాణెం పుట్టిన తేదీ చెప్పుతుంది; నాణెం బ్రతికిన బ్రతుకు చెప్పదు.

శాతవాహనుల వెండి నాణేలపై రాజముఖం కనిపించగానే రోము అనుకరణమని వ్రాసేవారికి కూడా ఒక మాట. ఆ నాణేలకు దగ్గరి నమూనా పశ్చిమ క్షత్రపులది. 1906లో నాసిక్ సమీపాన జోగల్తంబిలో దొరికిన నహపానుని వెండి నాణేలు పదమూడు వేలకు పైగా. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించినాడు. పరాయి రాజు ముఖాన్ని మన రాజు ఎట్లా ఆదరించినాడో చూడండి! ఇక ఆ శాతవాహన రాజముఖ నాణేలపై ఒకవైపు ప్రాకృతం, రెండవవైపు ద్రావిడ విభక్తులు గల దేశభాష. అది ఏ భాష అన్న వివాదం పండితులకు విడిచిపెడదాము. ఒకే బిళ్లకు రెండు ముఖాలుగా మూలమూ అనువాదమూ నిలిచినవి. అందులో అనువాదం మూలానికి వెనుకనున్నదే గాని, దానికి దాసి కాదు.

నేనుండే షాదీపూర్ నుండి చూస్తే ఈ వాదానికి సముద్రం కూడా సాక్ష్యం. రెండవ శతాబ్దపు టాలమీ, మైసోలియా తీరంలో సువర్ణభూమికి పోయే ఓడలు ఒడ్డు విడిచే చోటు ఒకటున్నదని వ్రాసినాడు. ఆ తీరానికీ సువర్ణభూమికీ నడుమ ఉన్న సముద్రంలోనివే ఈ అండమాను దీవులు. ఇంకా తూర్పుగా, నేటి వియత్నాంలోని ఓక్ ఏవోలో, 1944లో మల్లెరే త్రవ్వకాలు జరిపినప్పుడు ఆంటోనైనస్ పయస్, మార్కస్ అరేలియస్‌ల బంగారుబిళ్లలు దొరికినవి. వాటినీ గ్రంథాలలో మెడల్లియన్లనే అంటారు. 166లో రోము రాజు దూతలమంటూ కొందరు ఆ తీరం మీదుగా చైనా కొలువుకు పోయినారని చీనా చరిత్ర చెప్పుచున్నది. వారు తెచ్చిన కానుకలు ఏనుగు దంతాలు, ఖడ్గమృగపు కొమ్ములు, తాబేటి చిప్పలు. రోము సరుకు ఒక్కటీ లేదు. వర్తకులే దూతలమని చెప్పుకొన్నారేమోనని చరిత్రకారులు అనుమానించినారు. పాలకుని పేరు ఆనాడే వర్తకునికి చలామణీ సరుకైనదన్నమాట. దానిని మనము ఈనాడు నిజమైన రాయబారంగా ఎత్తుకొని ఊరేగించవలెనా?

శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడుతారు. మన పూర్వచరిత్ర వారికి చేరితే అనువాదాల ద్వారానే చేరవలెను. వారి తాతలు ఈ సముద్రం దాటినది ఎవరి సన్మానం కోసమో కాదు, కూలి కోసం, చేపల వేట కోసం, బ్రతుకు కోసం. అట్టి పిల్లలకు, పూర్వం ఒక దూరదేశపు చక్రవర్తి మనలను మెచ్చి పతకాలిచ్చినాడని చెప్పుదమా? పూర్వం మనవారు నేసిన బట్టకు దూరదేశం బంగారం తూచి ఇచ్చినదని, ఆ బంగారంతో మనవారు తమకు ఇష్టమైన నగ చేసికొన్నారని చెప్పుదమా? మొదటిది వినసొంపైన కల్పన. రెండవది నిజం, గౌరవప్రదమైనది కూడా.

కాబట్టి తోటి అనువాదకులకు నా మనవి. చక్రవర్తి పంచిపెట్టడానికి వేయించిన బిళ్లను ‘కానుకబిళ్ల’ అనండి. అంగడిలో చెల్లినదానిని ‘నాణెం’ అనండి, ‘కాసు’ అనండి. బెజ్జం పడి మెడకెక్కినదానిని ‘పతకం’ అనండి. ఆ మాట దాని పుట్టింటి అర్థంలో అక్కడే ఒప్పుతుంది. అమరావతి ప్రాకారంపై పద్మాలు చెక్కిన గుండ్రని శిల్పాన్ని కూడా ఆంగ్లంలో మెడల్లియన్ అంటారు. దానిని ‘పద్మఫలకం’ అంటే చాలును. నాలుగు వస్తువులకు ఆంగ్లంలో ఒకే మాట ఉన్నంత మాత్రాన తెలుగులో ఒకే మాట ఉండవలెనన్న నియమం లేదు. ఏ మాట వాడినా, వాక్యంలో కర్త ఎవరో చూచుకొని వాడండి.

నా చేతికి వచ్చిన ప్రతిలో ఆ వాక్యాన్ని ఇట్లా దిద్ది పంపినాను: “రోమక చక్రవర్తి తిబేరియస్ నాణేలను చూచి కొండాపురం పనివారు మట్టితో పతకాలు చేసినారు.” ఇందులోనూ చక్రవర్తి ఉన్నాడు. ఆయన స్థానం మాత్రం మారినది. పాత వాక్యంలో ఆయన కర్త. ఇప్పుడు కర్తలు కొండాపురం పనివారు.

షాదీపూర్